ఎండ కరెంటు, గాలి కబురు: మొరాకో దేశపు అనుభవం నుంచి ఒక పాఠం



క్రిందటి వేసవిలో మేము ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళాము. ఎజెండాలో ఆరవ అంశం, సంఘానికి ఉన్న రెండెకరాల ఖాళీ స్థలాన్ని ఒక సౌర విద్యుత్ సంస్థకు ఇరవై అయిదు సంవత్సరాల కౌలుకు ఇచ్చుట. తీర్మానం ముందుగానే వ్రాసి తెచ్చారు. సభ్యుల నుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: "ఎకరాకు ఎంత ఇస్తారు?" సంతకాల పుస్తకం చేతులు మారుతూ ఉండగా వెనుక వరుసలో నుంచి పెద్ద వయసు సభ్యురాలు ఒకామె లేచి, "ఇరవై అయిదేళ్ళంటే అప్పటికి నేనుండను బాబూ. నా మనవడు ఆ జాగాలో గడ్డి వేసుకోవాలంటే ఎవరిని అడగాలి?" అన్నది. అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి మా వైపు చూశాడు. మా దగ్గర కూడా సమాధానం లేదు. అంశం వాయిదా పడింది.

ఆనాటి నుంచి, ఇటువంటి పనిని మనకంటె ముందు పెద్ద ఎత్తున చేసిన దేశాల సంగతులు సేకరించి చదువుతూ వచ్చాము. వాటిలో ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో అనుభవం పాల సంఘాలవారికి పనికివచ్చేదిగా తోచింది. ఎండ కరెంటు, ఇంటర్నెట్టు రెండూ అక్కడి పల్లెలకు ముప్ఫై ఏళ్ళలోపే వచ్చాయి. వాటివల్ల మేలు జరిగింది, చిక్కులూ వచ్చాయి. రెంటినీ ఈ పాఠంలో చూద్దాము.

మొరాకో ఎక్కడిది?

ఆఫ్రికా ఖండానికి వాయవ్య మూల ఉన్న దేశం మొరాకో. జిబ్రాల్టర్ జలసంధి దాటితే అవతలి ఒడ్డు స్పెయిన్. 1956లో పరాయి పాలన నుంచి స్వతంత్రమైంది. 2024 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 3 కోట్ల 68 లక్షలు. మనకు తెలియకుండానే ఆ దేశంతో మనకు సంబంధం ఉన్నది. ప్రపంచపు ఫాస్ఫేటు నిల్వలలో మూడింట రెండు వంతుల పైచిలుకు అక్కడే ఉన్నవి. మన దేశపు ఎరువుల కర్మాగారాలు డి.ఏ.పి. వంటి ఎరువుల తయారీకి రాతి ఫాస్ఫేటును, ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని అక్కడి నుంచి దిగుమతి చేసుకుంటున్నవి. పాడిలోనూ వారు మనవంటివారే. దక్షిణాన తారుదాంత్ పట్టణం కేంద్రంగా 1987లో ఏర్పడిన కోపాగ్ అనే సహకార సంఘం, జౌదా అనే పేరుతో పాలు, పాల పదార్థాలు దేశమంతటా అమ్ముతున్నది.

ఆ దేశానికి కొరత ఇంధనం. సొంతంగా చమురు లేదు, గ్యాసు అంతంతమాత్రం. 2009 ప్రాంతంలో తన ఇంధన అవసరాలలో నూటికి 90 పాళ్ళకు పైగా బయటి నుంచే కొనుక్కొనేది. పొరుగున ఉన్న అల్జీరియాతో తగాదా ముదిరి, ఆ దేశం నుంచి గొట్టం ద్వారా వచ్చే గ్యాసు 2021 అక్టోబరు 31తో ఆగిపోయింది. తరువాత 2022లో అదే గొట్టంలో స్పెయిన్ వైపు నుంచి గ్యాసును వెనక్కి తెప్పించుకోవలసి వచ్చింది. చొప్ప, తవుడు, చెక్క అన్నీ బజారులో కొని పాడి నడిపే రైతు ఎంత నిబ్బరంగా ఉండగలడో, ఆ దేశమూ అంతే నిబ్బరంగా ఉండగలిగింది. సొంత ఎండను, సొంత గాలిని నమ్ముకొనటానికి ఇదే ముఖ్య కారణం.

పల్లెకు కరెంటు: ఎవరి వాటా ఎంత?

1995 నాటికి మొరాకో పల్లె ఇళ్ళలో కరెంటు ఉన్నవి నూటికి 18 మాత్రమే. ఆ సంవత్సరం ప్రభుత్వం సమగ్ర గ్రామీణ విద్యుదీకరణ పథకం ఆమోదించి, మరుసటి ఏట పని ప్రారంభించింది. 2010 దశకం ముగిసే సరికి ఇది 99 శాతం దాటింది.

సంఘ సభ్యులు ముఖ్యంగా గమనించవలసినది ఖర్చు పంచుకున్న తీరు. స్థూలంగా, ఖర్చులో 55 శాతం జాతీయ విద్యుత్ సంస్థ, 20 శాతం స్థానిక పంచాయతీ, 25 శాతం లబ్ధి పొందే కుటుంబం భరించారు. కుటుంబం తన వాటాగా 2,500 దిర్హములు ఒకేసారి కట్టవచ్చు. లేకుంటే నెలకు 40 దిర్హముల చొప్పున 7 సంవత్సరాలు కట్టవచ్చు. దిర్హము వారి నాణెం. ఎవరికీ ఉచితంగా రాలేదు, ఎవరికీ మోయలేనంత భారమూ పడలేదు. తీగలు లాగటానికి వీలులేని మారుమూల కొండ ఇళ్ళకు చిన్న సౌర పలకలు, బ్యాటరీ, దీపాలు అమర్చారు. అటువంటి ఇళ్ళు 50 వేలకు పైగా ఉన్నవి. మన వాటా ధనం పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా కనిపించదు. వాటా కట్టినవాడు మీటరును కనిపెట్టి ఉంటాడు, లైను పడిపోతే నిలదీస్తాడు.

ఎండను దాచే దాలి

రెండవ దశ 2009లో మొదలైంది. ఆ సంవత్సరం రాజు ఆరవ మొహమ్మద్ ప్రభుత్వం సౌర విద్యుత్ ప్రణాళికను ప్రకటించింది. దాని అమలుకు 2010లో మాసెన్ అనే సంస్థ ఏర్పడింది. అట్లాస్ పర్వతాలకు దక్షిణాన, ఎడారి అంచున ఉన్న వర్జజాత్ పట్టణం దగ్గర నూర్ అనే కేంద్రాన్ని నిర్మించారు. నూర్ అంటే అరబ్బీలో వెలుగు. మొదటి యూనిట్ 160 మెగావాట్లు. దీనిని 2016 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రెండవది 200, మూడవది 150, నాలుగవది 72 మెగావాట్లు. ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, ఐరోపా బ్యాంకులు అప్పులిచ్చాయి.

నాలుగవ యూనిట్ మన ఇళ్ళ కప్పులపై కనిపించే పలకల వంటిదే. మొదటి మూడు యూనిట్ల పద్ధతి వేరు. మొదటి రెండింటిలో తొట్టిలాగ వంగిన అద్దాలు ఎండను ఒక గొట్టం మీదికి కేంద్రీకరిస్తాయి. గొట్టంలో ప్రవహించే నూనె 390 డిగ్రీల వరకు కాగుతుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైను త్రిప్పుతారు. మూడవ దానిలో నేల మీది వేలాది అద్దాలు సుమారు 250 మీటర్ల ఎత్తు గోపురం పైకి ఎండను మళ్ళిస్తాయి.

పొద్దుగూకిన తరువాత ఏమిటి? ఇక్కడ మన దాలిని జ్ఞాపకం చేసుకోవాలి. పిడకల మంట ఆరిపోయినా నివురు క్రింది వేడి పాలకుండను సాయంత్రం దాకా కాస్తుంది కదా! అక్కడ పిడకల స్థానంలో ఉప్పు ఉంటుంది. సోడియం, పొటాషియం నైట్రేటు లవణాలను కరిగించి పెద్ద తొట్లలో నింపుతారు. పగటి వేడి అందులో నిలువ ఉంటుంది. మొదటి యూనిట్‌లో 3 గంటలు, తరువాతి రెండింటిలో 7 గంటలకు పైగా రాత్రిపూట కరెంటు తీయటానికి ఆ వేడి చాలుతుంది. ఊళ్ళో దీపాలు వెలిగే వేళకే కరెంటు ఎక్కువ కావాలి గనుక ఇది గొప్ప సౌకర్యం.

అయితే యంత్రమన్న తరువాత ఇబ్బందులు తప్పవు. మూడవ యూనిట్‌లో వేడి ఉప్పు తొట్టి కారటంతో 2024లో నెలల తరబడి ఉత్పత్తి నిలిచిపోయింది. ఈ పద్ధతి కరెంటు ఖరీదైనదని, మామూలు సౌర పలకల ధరలు బాగా పడిపోయినవని ఆ దేశపు ఆర్థిక, సామాజిక, పర్యావరణ మండలి 2020లో తన నివేదికలో ఎత్తిచూపింది. ముందు నడిచినవారు కొంత ఎక్కువ చెల్లించారు.

మరొక లెక్క కూడా తెలుసుకోవాలి. మొత్తం విద్యుత్ సామర్థ్యంలో 42 శాతం 2020 నాటికి ఎండ, గాలి, నీటి నుంచి రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. అప్పటికి 37 శాతమే అయింది. 2030 నాటికి 52 శాతం కావాలన్నది తరువాతి లక్ష్యం. ఇది సామర్థ్యం లెక్క. తయారైన యూనిట్ల లెక్క చూస్తే, 2023లో కూడా సగానికి పైగా కరెంటు బొగ్గు నుంచే వచ్చింది. కొట్టంలో కట్టిన గేదెల సంఖ్య వేరు, క్యానులో పడిన లీటర్లు వేరు అని పాలు పోసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎవరైనా సౌర విద్యుత్ లెక్కలు చెప్పినప్పుడు, అది ఏ లెక్క అని అడగటం మంచిది.

ఆ భూమి ఎవరిది?

నూర్ కేంద్రం సుమారు 3,000 హెక్టార్ల మీద ఉన్నది. ఆ నేల ఒక బెర్బెర్ తెగవారి ఉమ్మడి భూమి, మేకలు గొర్రెలు మేసే బీడు. 1919 నాటి శాసనం ప్రకారం అటువంటి ఉమ్మడి భూములపై హోం మంత్రిత్వ శాఖకు పెద్దరికం ఉండేది. భూమిని చదరపు మీటరు ఒక దిర్హము చొప్పున తీసుకున్నారు. బీడు నేల కదా అని ఆ ధర కట్టారు. సొమ్ము ఇంటింటికీ పంచకుండా తెగవారి పేర జమకట్టి, రోడ్లు, నీరు వంటి పనులకు వినియోగించే ఏర్పాటు చేశారు. తమను సరిగా సంప్రదించలేదని, ధర ముందుగా తెలియదని కొందరు గ్రామస్థులు పరిశోధకులకు చెప్పుకున్నారు. భూమి మీద తయారయ్యే కరెంటులో వారికి వాటా అంటూ లేదు.

ఉమ్మడి భూముల విషయంలో అక్కడి స్త్రీలు చేసిన పోరాటం కూడా చెప్పుకోదగినది. భూమి అమ్మిన సొమ్ములో మగవారికే వాటా ఇచ్చే ఆచారాన్ని ఎదిరించి 2007లో కెనిత్ర ప్రాంతంలో ఉద్యమం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళ తరువాత, 2019లో వచ్చిన కొత్త చట్టం స్త్రీలకు సమాన హక్కు గుర్తించింది. మన సంఘాలలో పాలు పితికి తెచ్చేది ఆడవారు, సభ్యత్వం మాత్రం భర్త పేర ఉన్న ఇళ్ళు ఎన్నో ఈనాటికీ కనిపిస్తాయి. అటువంటి ఇళ్ళవారు ఈ సంగతి ఆలోచించాలి.

నీటి సంగతి కూడా చెప్పాలి. అద్దాలను దుమ్ము పట్టకుండా కడగాలి. మొదటి యూనిట్‌ను నీటితో చల్లబరుస్తారు. ఆ నీరు దగ్గరలోని జలాశయం నుంచి వస్తుంది. కరువు ప్రాంతంలో ఇది కుదరదని గ్రహించి రెండు, మూడు యూనిట్లను గాలితో చల్లబరిచే విధంగా కట్టారు. పొలాలలోనూ ఇదే పాఠం ఎదురైంది. అక్కడి రైతులు రాయితీ మీద వచ్చే వంటగ్యాసు సిలిండర్లతో మోటార్లు నడిపేవారు. తరువాత చాలామంది సౌర పంపులకు మారారు. గ్యాసు ఖర్చు తప్పింది. గంటకింత అనే ఖర్చు లేకపోయే సరికి మోటారు ఆపే అవసరమూ కనిపించలేదు. భూగర్భ జలం ఇంకా లోతుకు పోతున్నదనే ఆందోళన సూస్ లోయ వంటి చోట్ల పెరిగింది. ఎండకు బిల్లు రాదు, కాని బోరుకు అడుగు ఉన్నది.

కబురు తీగ

మొరాకోకు ఇంటర్నెట్టు 1995లో వచ్చింది. టెలిఫోను రంగంలో పోటీకి 1997లో చట్టం చేశారు, 1998లో నియంత్రణ సంస్థ ఏర్పడింది, 1999లో రెండవ మొబైల్ సంస్థకు లైసెన్సు ఇచ్చారు. పల్లెలను కంపెనీలు పట్టించుకోకపోవటంతో 2008లో ప్రత్యేక పథకం పెట్టి, సిగ్నలు లేని 9,263 ఊళ్ళను గుర్తించి, అక్కడ సేవ అందించే బాధ్యతను కంపెనీలకు పంచారు. ఈనాడు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఇంటర్నెట్టు వాడుతున్నారు. ఈ విజయం వెనుక ముందు వచ్చిన కరెంటు ఉన్నది. కరెంటు లేని ఊరిలో టవరూ నిలవదు, ఫోనూ ఛార్జి కాదు.

ఈ రెండు తీగలు ఎంతగా పెనవేసుకున్నవో 2025 ఏప్రిల్ 28న తెలిసింది. ఆ రోజు స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో కరెంటు పూర్తిగా పోయింది. మొరాకో, స్పెయిన్‌ల మధ్య 1997 నుంచి సముద్రం అడుగున విద్యుత్ తీగలు ఉన్నవి. వాటి ద్వారా ఆనాడు మొరాకో నుంచి స్పెయిన్‌కు కరెంటు పంపారు. ఎంతోకాలం స్పెయిన్ నుంచి కొనుక్కున్న దేశం ఆపదలో తిరిగి సాయపడింది. అదే రోజు మొరాకోలో ఒక పెద్ద టెలిఫోను సంస్థ ఇంటర్నెట్టు దెబ్బతిన్నది. వారి కబురు తీగల అవతలి కొస ఆ కరెంటు పోయిన దేశాలలో ఉన్నది మరి!

కబురు తీగ మీట ఎవరి చేతిలో ఉన్నదన్నది ఇంకొక ప్రశ్న. 2016 జనవరిలో అక్కడి టెలిఫోను కంపెనీలు వాట్సాప్, స్కైప్ వంటి వాటి ద్వారా చేసుకునే ఉచిత కాల్స్ ఆపివేశాయి. లైసెన్సు లేదన్నది కారణం. ఐరోపాలో కూలికి వెళ్ళిన లక్షలాది మంది తమ ఇళ్ళతో మాట్లాడుకొనే దారి అదే. జనం గట్టిగా గోల చేశారు. నవంబరులో తిరిగి అనుమతించారు. గల్ఫుకు వెళ్ళిన బిడ్డల కోసం రాత్రిపూట ఫోను పట్టుకు కూర్చునే ఇళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నవి గనుక ఆ పది నెలల బాధ వివరించనక్కరలేదు.

పాలు పోసేవారి మీద పడిన దెబ్బ

ఇక మనకు అతి దగ్గరి సంగతి. 2018 ఏప్రిల్ 20న ఫేస్‌బుక్‌లో ఒక పిలుపు వ్యాపించింది. ధరలు ఎక్కువగా ఉన్నవి గనుక మూడు సరుకులు కొనవద్దని ఆ పిలుపు. ఒకటి పెట్రోలు, ఒకటి సీసా నీరు, ఒకటి సెంత్రాల్ దానోన్ కంపెనీ పాలు. నాయకుడెవరో తెలియదు, సభ లేదు, ఊరేగింపు లేదు. చేతి ఫోన్లలోనే దేశమంతా పాకింది. దుకాణాలలో ఆ కంపెనీ పాల ప్యాకెట్లు మిగిలిపోయాయి.

ఆ కంపెనీకి పాలు పోసే రైతులు సుమారు 1,20,000 మంది. మే నెలాఖరుకు కంపెనీ, రైతుల నుంచి పాల సేకరణను 30 శాతం తగ్గిస్తున్నట్లు, 886 మంది తాత్కాలిక కార్మికుల కాంట్రాక్టులు ముగిస్తున్నట్లు ప్రకటించింది. రంజాను మాసంలో, పాలకు గిరాకీ ఉండవలసిన రోజులలో ఇది జరిగింది. చివరకు సెప్టెంబరులో కంపెనీ తన పాల ధర తగ్గించింది.

కొనేవారి కోపానికి కారణం ఉన్నది. మధ్యతరగతి ఇల్లాలికి పాల ధర బరువే. కాని ఆ ధర నిర్ణయించింది రైతు కాదు. రెండు ఆవులున్న మనిషి ఉదయం క్యాను మోసుకొని వెళ్ళి, "ఈవేళ నీ పాలు అక్కరలేదు" అన్న మాట విని తిరిగి వచ్చాడు. ఆవుకు ఫేస్‌బుక్ తెలియదు, సాయంత్రం మళ్ళీ చేపుకు వస్తుంది. మాట నడిచే వేగం ఎంతో పెరిగింది, పాలు విరిగే వేగం మాత్రం మారలేదు. ధరలో మాట చెల్లని రైతు నష్టంలో మాత్రం మొదటి వాటాదారు అయ్యాడు.

మన సంఘాలు ఏమి చేయాలి?

మొరాకో వెనుకబడినదని చెప్పటం మా ఉద్దేశం కాదు. పాతికేళ్ళలో ప్రతి పల్లెకూ కరెంటు, కబురు చేర్చటం ఘనకార్యమే. అయితే పల్లెవారు తమ వాటా కట్టి, తమ ఇంటి మీటరు తాము చూసుకున్న చోట పని నిలిచింది. వారిని అడగకుండా ధర కట్టిన చోట అసంతృప్తి మిగిలింది.

మన దేశంలోనే మరొక దారి ఉన్నది. అమూల్ పుట్టిన గుజరాత్ ఖేడా జిల్లాలో ఢుండి అనే ఊరిలో ఆరుగురు రైతులు 2016లో సౌర పంపుల సహకార సంఘాన్ని నమోదు చేశారు. పంపుకు పోను మిగిలిన కరెంటును యూనిట్ 4 రూపాయల 63 పైసల చొప్పున ఇరవై అయిదేళ్ళ ఒప్పందం మీద విద్యుత్ సంస్థకు అమ్మజూపారు. నీరు ఎక్కువ తోడితే అమ్మకం తగ్గుతుంది గనుక మోటారు ఆపటంలోనూ లాభం కనిపించింది. అక్కడ నేల, పలకలు, అమ్మకం మూడూ సభ్యులవే.

స్థలం కౌలు ప్రతిపాదన వచ్చిన సంఘాలు తీర్మానానికి ముందు ఈ క్రింది విషయాలు తేల్చుకోవాలని మా సలహా:

1. ఒప్పందం నకలు తెలుగులో నోటీసు బోర్డుపై కనీసం పదిహేను రోజులు ఉంచి, సభలో పూర్తిగా చదివి వినిపించాలి. బైలాల ప్రకారం కావలసిన అనుమతులు చూడాలి.
2. కౌలు ఎన్నేళ్ళకొకసారి, ఎంత పెరుగుతుందో వ్రాసి ఉండాలి.
3. గడువు ముగిశాక పలకలు, సిమెంటు దిమ్మెలు ఎవరి ఖర్చుతో తీస్తారో వ్రాసి ఉండాలి.
4. పలకల క్రింద గడ్డి పెంచుకొనే హక్కు, పలకలు కడిగే నీరు ఎక్కడిదన్న విషయం ముందే తేల్చాలి.
5. తయారైన కరెంటులో కొంత మన బల్క్ కూలరుకు వచ్చే వీలు ఉన్నదా అని అడగాలి. కౌలు తక్కువైనా డీజిలు ఖర్చు తప్పితే లాభం ఎక్కువ కావచ్చు.
6. కౌలు సొమ్ము ఏ ఖాతాలో పడుతుందో, దేనికి ఖర్చు చేయాలో సర్వసభ్య సమావేశమే నిర్ణయించాలి.

యంత్రాలు, ఫోన్ల విషయంలో: పాల తూకం, వెన్నశాతం కంప్యూటరులోకి పోతున్న సంఘాలలో నెట్‌వర్క్ లేని రోజుకు చేతి పుస్తకం సిద్ధంగా ఉంచాలి. సభ్యురాలి ఫోను నంబరు సభ్యురాలిదే అయి ఉండాలి. పాల ధర మారినప్పుడు ఎందుకు మారిందో సంఘమే ముందు చెప్పాలి. మనం చెప్పని చోట పుకారు చెబుతుంది.

అధ్యయన బృందాలలో చర్చకు ప్రశ్నలు

1. మొరాకో విద్యుదీకరణలో కుటుంబం వాటా ఎంత? ఆ పద్ధతి మన సంఘం ఏ పనికి వర్తిస్తుంది?
2. సామర్థ్యానికి, ఉత్పత్తికి తేడా ఏమిటి? మీ సంఘం లెక్కలతో ఉదాహరణ చెప్పండి.
3. 2018లో మొరాకో పాల రైతులకు సొంత సహకార సంఘం ద్వారా అమ్మకం ఉండి ఉంటే ఏమి మారేది, ఏమి మారేది కాదు?
4. మీ సంఘంలో పాలు తెచ్చే స్త్రీలు ఎందరు, ఓటున్న స్త్రీలు ఎందరు?

మొదట చెప్పిన సంఘంలో ఆరవ అంశం ఈ ఏటి సమావేశానికి తిరిగి వస్తున్నది. పైన చెప్పిన ఆరు విషయాలను కాగితం మీద వ్రాసి వారి కార్యదర్శికి ఇచ్చాము. వెనుక వరుసలో లేచిన ఆ సభ్యురాలికి ఇవి ముందుగా చదివి వినిపించమని కోరాము. అడగవలసిన ప్రశ్న మొదట ఆమెకే తోచింది.